రోహిణి కార్తె రాకముందే: కొత్త ప్రాసెసర్ కూలర్‌ను ఇంట్లో పరీక్షించడం ఎలా

కొత్త కూలర్ బిగించి కంప్యూటర్ ఆన్ చేయగానే తెర మీద 40 డిగ్రీలు కనబడితే చాలామంది అక్కడితో సంతృప్తి పడిపోతారు. ఆ అంకెతో ఏమీ తేలదు. పని లేకుండా కూర్చున్న ప్రాసెసర్ తీసుకునే కరెంటు చాలా తక్కువ. ఆ కాస్త వేడిని ఎంత చవక కూలరైనా లాగేస్తుంది. పైగా జనవరి తెల్లవారుజామున ఆదిలాబాద్‌లో 60 డిగ్రీలు చూపిన కూలరే మే నెల మధ్యాహ్నం హన్మకొండలో పైఅంతస్తు గదిలో 78 చూపిస్తుంది. కూలర్ అదే, గది 20 నుంచి 38కి పెరిగింది. రెండు చోట్లా ప్రాసెసర్ గది కంటే 40 డిగ్రీలే ఎక్కువ వేడిగా ఉంది.

అందుకే ఈ పరీక్ష మొత్తం నాలుగు అంకెల మీద నడుస్తుంది: గది వేడి, ప్రాసెసర్ వేడి, ప్రాసెసర్ తీసుకుంటున్న వాట్లు, ఫ్యాన్ వేగం. నాలుగింటినీ ఒకే సమయంలో చూసి ఒకే కాగితం మీద రాసుకోండి. ఇందులో ఒక్కటి లేకపోయినా పాత కూలర్‌తో పోలిక కుదరదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

గది వేడి చూపే చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి. ఫోన్‌లో వాతావరణం యాప్ చూపే అంకె ఊరిది, మీ గదిది కాదు. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే మంచి థర్మల్ పేస్ట్ 4 గ్రాముల ట్యూబు ఒకటి, ఎనిమిది పది సార్లకు వస్తుంది. పాత పేస్ట్ తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మొబైల్ రిపేరు సామాను అమ్మే షాపుల్లో దొరుకుతుంది. శానిటైజర్ వాడొద్దు, అందులోని గ్లిజరిన్ లోహం మీద పొరలా మిగులుతుంది. కళ్లద్దాలు తుడిచే గుడ్డ, పొడుగు కాడ ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్, ఒక స్కేలు.

సాఫ్ట్‌వేర్ మూడు చాలు, మూడూ ఉచితమే: అంకెలు చూడటానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో, పని పెట్టడానికి సినీబెంచ్ ఆర్23, ఇంకా గట్టిగా కాల్చి చూడాలంటే ప్రైమ్95. ప్రైమ్95లో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ పరీక్ష మామూలు వాడకంలో ఎప్పుడూ రానంత వేడి పుట్టిస్తుంది. కూలర్ల పోలికకు సినీబెంచ్ సరిపోతుంది, ప్రైమ్95ను చివర ఒక్కసారి నడిపితే చాలు.

కూలర్ డబ్బా విప్పకముందే స్కేలు తీయండి. క్యాబినెట్ పక్క తలుపు తీసి, ప్రాసెసర్ పైభాగం నుంచి తలుపు ఆనే అంచు వరకు కొలవండి. మార్కెట్లో ఎక్కువగా అమ్ముడయ్యే ఒంటి టవర్ (నిలువు రేకుల దొంతర ఒకటే ఉన్న) కూలర్లు 150 నుంచి 160 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి. డీప్‌కూల్ ఏకే400 155, నాక్టువా ఎన్‌హెచ్-డీ15 165. సన్నటి క్యాబినెట్లలో 155 కూడా పట్టదు. ర్యామ్ మీద ఎత్తైన రేకులుంటే కూలర్ ముందు ఫ్యాన్‌ను పైకి జరపాల్సి వస్తుంది, అప్పుడు మొత్తం ఎత్తు ఇంకా పెరుగుతుంది. ఈ లెక్క బిగించాక కాకుండా, వాపసు గడువు ఉండగానే చూసుకోవాలి.

మొదటి పని: పాత కూలర్‌తోనే పరీక్ష

ఇది వదిలేసేవాళ్లే ఎక్కువ. పాత కూలర్ ఊడదీశాక "ముందు ఎంత ఉండేది" అంటే జవాబు ఉండదు. కొత్తది డబ్బాలోనే ఉంచి, ముందు పాతదానితో పరీక్ష పూర్తి చేయండి.

బయోస్‌లోకి (విండోస్ రాకముందు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి రెండు సంగతులు కుదుర్చుకోవాలి. ఒకటి, వాట్ల పరిమితి. ఇంటెల్ ప్రాసెసర్లకు రెండు పరిమితులుంటాయి: కాసేపటికి పెద్దది, ఎక్కువసేపటికి చిన్నది. ఉదాహరణకు ఐ7-12700కు కంపెనీ చెప్పినవి 180 వాట్లు, 65 వాట్లు. మదర్‌బోర్డు ఈ లెక్కను యథాతథంగా పాటిస్తే మొదటి అర నిమిషం దాకా వేడి దూసుకుపోయి, తర్వాత 65 వాట్లకు పడిపోయి చల్లబడుతుంది. మీరు "గరిష్ఠం" గడిలో చూసేది ఆ అర నిమిషం తాలూకు అంకె. కొన్ని బోర్డులు దీనికి వ్యతిరేకం, అడగకుండానే పరిమితి మొత్తం ఎత్తేస్తాయి. కాబట్టి లాంగ్ డ్యూరేషన్, షార్ట్ డ్యూరేషన్ పవర్ లిమిట్లు రెండింటికీ ఒకే అంకె పెట్టండి. చిన్న కూలరైతే 65, టవర్ కూలరైతే 65తో ఒకసారి, 125తో ఒకసారి. ప్రాసెసర్ 125 వాట్లు అందుకోలేకపోతే ఎంత అందుకుందో అదే రాసుకోండి. ఏఎండీలో అయితే పీబీఓ (ప్రాసెసర్‌ను మామూలు పరిమితి దాటనిచ్చే సెట్టింగు) ఆపేస్తే చాలు. రైజెన్ 5 5600 అప్పుడు 76 వాట్ల దగ్గర, రైజెన్ 5 7600 అయితే 88 వాట్ల దగ్గర ఆగుతుంది.

రెండోది, ఫ్యాన్. ఆటోమేటిక్‌లో వదిలేస్తే వేడి పెరిగినప్పుడల్లా వేగం పెరిగి లెక్క కలగాపులగం అవుతుంది. సీపీయూ ఫ్యాన్‌ను, క్యాబినెట్ ఫ్యాన్లను స్థిరమైన వేగానికి కట్టేయండి. మొదటి పరీక్షకు 100 శాతం.

గది సంగతి

మన దగ్గర ఇదే కష్టమైన భాగం. స్లాబు ఇంట్లో పైఅంతస్తు గది పగలంతా కాగి రాత్రి పదకొండింటికి కూడా వేడి వదులుతూనే ఉంటుంది. రేకుల ఇంట్లో ఎండ ఎక్కినకొద్దీ గంటకు రెండు మూడు డిగ్రీలు తేడా వస్తుంది. పరీక్షకు తెల్లవారుజాము ఐదు నుంచి ఏడున్నర వరకు మంచి సమయం, గది వేడి దాదాపు కదలదు. కరెంటు కోత వేళలు తెలిసే ఉంటాయి కాబట్టి వాటిని తప్పించండి. సగంలో ఆగిన పరీక్షను అక్కడి నుంచి కొనసాగించడం కుదరదు, మళ్లీ మొదటికే రావాలి.

సీలింగ్ ఫ్యాన్ ఉంటే ఉండనివ్వండి, పరీక్షలన్నిటికీ ఒకే నంబరు మీద ఉంచండి. గడ్డి మెత్తల ఎయిర్ కూలర్‌ను మాత్రం క్యాబినెట్ వైపు తిప్పొద్దు. చల్లగాలి నేరుగా ముందు జాలీలోకి కొడితే థర్మామీటర్ ఒకటి చూపుతుంది, ప్రాసెసర్‌కు అందే గాలి ఇంకొకటి. రోజూ అలాగే వాడితే తేమ, నీళ్లలోని ఉప్పు బోర్డు మీదికి చేరడం వేరే తలనొప్పి. ఏసీ గదైతే కంప్రెసర్ ఆగి మొదలైనప్పుడల్లా గది రెండు డిగ్రీలు ఊగుతుంది, పరీక్షలో నిమిషం నిమిషానికీ గది వేడి రాసుకోక తప్పదు.

థర్మామీటర్ క్యాబినెట్ ముందు భాగానికి పది పదిహేను సెంటీమీటర్ల దూరంలో, గాలి లోపలికి పోయే చోట పెట్టండి. వెనక పెడితే బయటికొచ్చే వేడిగాలిని కొలుస్తుంది, మానిటర్ పక్కన పెడితే మానిటర్ వేడిని.

రెండో పని: పరీక్ష నడపడం

కంప్యూటర్ ఆన్ చేసి పది నిమిషాలు ఊరికే వదిలేయండి. ఈలోగా విండోస్ అప్‌డేట్లు ఆపండి, బ్రౌజర్ మూసేయండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోను సెన్సార్స్ ఓన్లీ పద్ధతిలో తెరిచి నాలుగు వరసలు వెతకండి. ఇంటెల్‌లో సీపీయూ ప్యాకేజ్ అన్నది వేడి, సీపీయూ ప్యాకేజ్ పవర్ అన్నది వాట్లు. ఏఎండీలో టీసీటీఎల్/టీడై అన్నది వేడి, సీపీయూ పీపీటీ అన్నది వాట్లు. బోర్డు భాగంలో సీపీయూ ఫ్యాన్ ఆర్‌పీఎం. నాలుగోది థర్మల్ థ్రాట్లింగ్, అంటే వేడి హద్దు తగిలి ప్రాసెసర్ వేగం తగ్గించుకోవడం, ఇది ఎప్పుడూ "నో" అనే ఉండాలి.

సినీబెంచ్‌లో మల్టీ కోర్ పరీక్షను 30 నిమిషాల స్థిరత్వ పరీక్షగా నడపండి. గాలి కూలర్ పది పదిహేను నిమిషాలకు నిలకడకు వస్తుంది. క్యాబినెట్ మొత్తం వేడెక్కి స్థిరపడటానికి అరగంట పడుతుంది. నీళ్ల కూలరైతే లోపలి నీరు కాగడానికే అరగంట, నలభై నిమిషాలు కావాలి. పది నిమిషాల పరీక్షలో నీళ్ల కూలర్లు గొప్పగా కనబడటానికి కారణం ఇదే. ఇరవై ఐదో నిమిషంలో హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో గడియారం బొమ్మ నొక్కి పాత అంకెలు చెరిపేయండి. చివరి ఐదు నిమిషాల "సగటు" గడి మీకు కావాల్సింది. గరిష్ఠం గడిలో ఒక్క క్షణం ఎగిసిన అంకె కూడా నిలిచిపోతుంది, దాన్ని పట్టించుకోవద్దు.

ఆపి, పది నిమిషాలు చల్లారనిచ్చి, మళ్లీ ఒకసారి నడపండి. రెండు ఫలితాల మధ్య ఒక డిగ్రీకి మించి తేడా ఉంటే గదిలో ఏదో మారింది.

పాతది ఊడదీయడం

పరీక్ష ముగిసిన వెంటనే, పేస్ట్ ఇంకా వెచ్చగా ఉండగానే ఆపేసి పని మొదలుపెట్టండి. ఏఎం4 (ఏఎండీ పాత సాకెట్) బోర్డుల్లో ఇది చాలా అవసరం. చల్లబడి గట్టిపడిన పేస్ట్‌తో కూలర్‌ను నిట్టనిలువుగా లాగితే ప్రాసెసర్ సాకెట్‌లోంచి కూలర్‌కు అంటుకునే వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. కూలర్‌ను ఎడమకు కుడికి మెల్లగా తిప్పుతూ పట్టు వదిలాకే పైకెత్తాలి. ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5లో, ఇంటెల్‌లో ప్రాసెసర్‌ను ఇనుప చట్రం పట్టి ఉంచుతుంది కాబట్టి ఆ భయం లేదు.

స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకేయండి. ఎర్తింగ్ సరిగా లేని పాత ఇళ్లలో క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమనడం తెలిసిందే. ప్లగ్ పీకాక పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఎస్ఎంపీఎస్‌లో (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టెలో) మిగిలింది కూడా ఖాళీ అవుతుంది.

ఏఎం4 బోర్డు నుంచి నాలుగు స్క్రూలూ తీసేస్తే బోర్డు వెనక స్క్రూలను పట్టుకునే పలక, బ్యాక్‌ప్లేట్, జారి పడిపోతుంది. వెనక చేయి అడ్డం పెట్టి తీయండి. ఏఎం5లో అది బోర్డుకే బిగించి ఉంటుంది.

బిగించే ముందు ఒక చిన్న తనిఖీ

కొత్త కూలర్ రాగి పైపుల్లో కొద్దిపాటి ద్రవం, లోపలి గోడలకు వత్తి లాంటి పొర ఉంటాయి. అడుగున ఆవిరై పైన చల్లబడి మళ్లీ కిందికి రావడంతోనే వేడి పైకి చేరుతుంది. పైపు ఎక్కడైనా చిట్లితే ద్రవం పోతుంది, చూడటానికి మాత్రం కొత్తదానిలాగే ఉంటుంది. తెలుసుకునే దారి సులువు. ఫ్యాన్ ఊడదీసి, కూలర్ అడుగును పల్చటి పాలిథిన్ సంచిలో పెట్టి, బాగా కాగిన నీళ్ల గిన్నెలో రెండు సెంటీమీటర్లు ముంచి పట్టుకోండి. అర నిమిషంలోపే పైన ఉన్న పైపు కొనలన్నీ వేళ్లకు వెచ్చగా తగలాలి. ఒక్క పైపు కొన మాత్రం చల్లగానే ఉండిపోతే ఆ కూలర్‌ను బిగించకుండా వాపసు పంపండి. పైపులు పైకి మాత్రమే చూపించి, అడుగుకు సరిగా అతికించని చవక కూలర్లు కూడా ఇక్కడే దొరికిపోతాయి.

మూడో పని: కొత్తది బిగించడం

సాకెట్‌కు తగిన బ్రాకెట్ ఏదో డబ్బాలోని కాగితం చూసి తేల్చుకోండి. ఇంటెల్ పాత సాకెట్లలో, అంటే ఎల్‌జీఏ1156 నుంచి ఎల్‌జీఏ1200 వరకు, రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు. 12, 13, 14 తరాల ప్రాసెసర్లు వాడే ఎల్‌జీఏ1700లో 78. పాత బ్రాకెట్‌ను లాగి బిగించడానికి ప్రయత్నిస్తే ఎక్కినట్టే ఉంటుంది, ఒక మూల మాత్రం ఆనదు. పైగా 1700 ప్రాసెసర్ ఎత్తు కూడా కాస్త తక్కువ, పాత స్టాండాఫ్‌లతో (కూలర్ బ్రాకెట్‌ను ఎత్తి పట్టే చిన్న కాళ్లతో) బిగిస్తే ఒత్తిడి చాలదు.

అడుగున ఉన్న ప్లాస్టిక్ పొర తీశారా? కూలర్ కొత్తదే అయినా 95 డిగ్రీలు అని వచ్చే ఫిర్యాదుల్లో ఇదొకటి. పొర పారదర్శకంగా ఉంటుంది, అంచు గోటితో గీరితే గాని తెలియదు.

ప్రాసెసర్ మీద పాత పేస్ట్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, కొత్తది వేయండి. ఏఎం4 మీద మధ్యలో కందిగింజంత చుక్క చాలు. ఎల్‌జీఏ1700 ప్రాసెసర్ పొడవుగా ఉంటుంది కాబట్టి పొడవు వెంట ఒక సన్నటి గీత, లేదా ఒక ఇంటూ గుర్తు. ఏఎం5 మూత అంచుల్లో గాడులుంటాయి, పేస్ట్ ఎక్కువైతే వాటిలోకి దిగుతుంది. విద్యుత్తు ప్రవహించని మామూలు పేస్ట్ అయితే ప్రమాదమేమీ లేదు గాని తుడవడం నరకం. పేస్ట్‌కు బదులు వాడే ద్రవ లోహం, లిక్విడ్ మెటల్, జోలికి పోవద్దు, అల్యూమినియం అడుగున్న కూలర్‌నైతే అది తినేస్తుంది.

పేస్ట్ తక్కువైతే మూలల్లో ఖాళీ మిగిలి వేడి నిలుస్తుంది. ఎక్కువైతే ఒత్తిడికి పక్కలకు పోతుందే తప్ప పెద్ద నష్టం లేదు. ఈ విషయంలో యూట్యూబ్‌లో జరిగే పంచాయితీలకు అంత అవసరం లేదు. అసలు తేడా తెచ్చేది స్క్రూలు. ఒక పక్క పూర్తిగా బిగించి ఇంకో పక్కకు పోతే కూలర్ వాలిపోయి పేస్ట్ ఒకవైపుకే నెట్టుకుపోతుంది. ముందు అన్ని స్క్రూలూ రెండేసి చుట్లు పట్టించండి, తర్వాత ఎదురెదురుగా ఉన్నవాటిని ఒక్కో చుట్టు చొప్పున మార్చి మార్చి బిగించండి. స్ప్రింగ్ స్క్రూ అడుగుకు తగిలి ఆగిపోతుంది, అంతటితో చాలు. దాని మీద బలం చూపిస్తే బోర్డు వంగుతుంది.

ఫ్యాన్ ఎటు ఊదుతుందో చూడండి. మోటారును పట్టుకునే అడ్డకాళ్లు కనిపించే వైపు నుంచి గాలి బయటికొస్తుంది. ఆ వైపు కూలర్ రేకులకు ఆనాలి, గాలి క్యాబినెట్ వెనక ఫ్యాన్ దిక్కుకు పోవాలి. నాలుగు పిన్నుల తీగను సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటే గుచ్చండి. క్యాబినెట్ ఫ్యాన్ పిన్నుల్లో గుచ్చితే ఫ్యాన్ తిరుగుతుంది గాని బోర్డు "ఫ్యాన్ ఎర్రర్" అని ఆగిపోవచ్చు, లేదా ప్రాసెసర్ వేడితో సంబంధం లేని వేగంతో తిరుగుతుంది.

నాలుగో పని: మళ్లీ అదే పరీక్ష, ఆపై లెక్క

బయోస్‌లో పెట్టిన వాట్లు, ఫ్యాన్ శాతం, సీలింగ్ ఫ్యాన్ నంబరు, సమయం అన్నీ మొదటిలాగే ఉంచి 30 నిమిషాలు నడపండి. ఇప్పుడు ప్రాసెసర్ సగటు వేడిలోంచి గది వేడి తీసేసి, వచ్చినదాన్ని వాట్లతో భాగించండి. ఒక్కో వాటుకు ఎన్ని డిగ్రీలు పెరుగుతోందో వస్తుంది.

ఉదాహరణకు, పాత కూలర్‌తో గది 31, ప్రాసెసర్ 84, వాట్లు 88 అనుకోండి. 84లోంచి 31 తీస్తే 53, దాన్ని 88తో భాగిస్తే 0.60. కొత్తదానితో మరుసటి ఉదయం గది 33, ప్రాసెసర్ 70, వాట్లు అవే 88. తేడా 37, భాగిస్తే 0.42. నేరుగా డిగ్రీలు చూస్తే 14 తగ్గినట్టు కనబడుతుంది, నిజానికి 16 తగ్గింది, ఎందుకంటే రెండో రోజు గది రెండు డిగ్రీలు ఎక్కువ.

ఈ అంకె చేతిలో ఉంటే ఎండాకాలం కోసం ఎదురుచూడనక్కర్లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రామగుండంలో, వరంగల్‌లో మే చివర బయట 44 దాటే రోజులుంటాయి. మీ గది 40 అవుతుందనుకుంటే, 0.42ను 88తో గుణించి 40 కలపండి: 77. పాతదానితో అయితే 93. రైజెన్ 5 7600కు కంపెనీ పెట్టిన హద్దు 95, ఇంటెల్ 12వ తరం ఐ5, ఐ7లకు 100. వేడెక్కిన చిప్పు అదే పనికి కాస్త ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి లెక్క మీద రెండు మూడు డిగ్రీలు వదిలేసుకోండి. హద్దుకు పది డిగ్రీల కింద ఉంటే మే నెలలోనూ నిశ్చింతగా ఉండొచ్చు.

డిగ్రీలు కదలకపోతే

కొన్ని ప్రాసెసర్ల దగ్గర డిగ్రీలు మాత్రమే చూస్తే ఏమీ తేలదు. రైజెన్ 7 7700ఎక్స్, రైజెన్ 9 7950ఎక్స్ లాంటివి పరిమితి లేకుండా వదిలితే 95 డిగ్రీలు తగిలేదాకా వేగం పెంచుకుంటూ పోతాయి. అది వాటి తయారీ తీరే, లోపం కాదు. పేరు చివర కే అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లు పరిమితి ఎత్తేసిన బోర్డుల మీద 100 దగ్గర ఇలాగే కూర్చుంటాయి. పాత కూలర్‌తో 95, కొత్త కూలర్‌తోనూ 95 కనబడితే డబ్బులు దండగ అనుకోకండి. అక్కడ చూడాల్సింది వాట్లు, మెగాహెర్ట్జ్, సినీబెంచ్ స్కోరు. అదే 95 దగ్గర పాతది 110 వాట్లు మోస్తే, కొత్తది 135 మోస్తోందేమో చూడండి. పైన చెప్పిన భాగహారం అప్పుడు కూడా సరిగ్గానే తేడా చూపిస్తుంది. స్పష్టంగా తెలియాలంటే వాట్ల పరిమితి దించి మళ్లీ నడపండి.

తలుపు తీసి ఒకసారి, మూసి ఒకసారి

కూలర్‌లో లోపమో క్యాబినెట్‌లో లోపమో తేల్చేది ఇదే. పక్క తలుపు తీసి పరీక్ష నడిపి, మూసి మళ్లీ నడపండి. తేడా మూడు నాలుగు డిగ్రీలుంటే మామూలే. ఏడు ఎనిమిది దాటితే కూలర్‌ను నిందించకండి, ముందు భాగం మొత్తం అద్దంతో మూసేసిన క్యాబినెట్‌లోకి గాలే పోవడం లేదు. ముందు ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ లోపలికి, వెనక ఒకటి బయటికి ఉంటే చాలావరకు సర్దుకుంటుంది.

గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లు తలుపు మూసి అరగంట పెద్ద ఆట ఆడి కూడా చూడాలి. కార్డు వదిలే నూటయాభై, రెండొందల వాట్ల వేడి నేరుగా కూలర్ కిందికే వస్తుంది. ఆటలో ప్రాసెసర్ సినీబెంచ్ అంత కరెంటు తీసుకోదు, కానీ కూలర్ పీల్చే గాలి గది గాలి కంటే పది డిగ్రీలు వేడిగా ఉండొచ్చు.

చప్పుడు

100 శాతం మీద అన్ని కూలర్లూ గొప్పవే. రోజంతా పక్కన కూర్చునేది మీరు కాబట్టి ఫ్యాన్‌ను 60 శాతానికి దించి ఇంకో పరీక్ష నడపండి. రెండింటి మధ్య మూడు నాలుగు డిగ్రీలే తేడా ఉంటే 60 దగ్గరే వదిలేయండి, చెవులకు హాయి. ఫోన్‌లోని శబ్దం కొలిచే యాప్‌లు డెసిబెల్ అంకె సరిగా చెప్పవు, కానీ ఒకే ఫోన్‌ను ఒకే చోట, క్యాబినెట్‌కు అర మీటరు దూరంలో పెడితే పాతదానికీ కొత్తదానికీ పోలిక తెలుస్తుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపి, వీధి సద్దుమణిగాక చేయండి. గాలి హోరు వేరు, బేరింగు గరగర వేరు. గరగర వినబడితే క్యాబినెట్‌ను పడుకోబెట్టి వినండి. నిలబెట్టినప్పుడు ఒకలా, పడుకోబెట్టినప్పుడు ఇంకోలా మోగితే బేరింగులో లోపం ఉంది, గడువులోపే మార్పించుకోండి.

వేడి పెరిగే తీరును బట్టి లోపం పట్టుకోవడం

పరీక్ష మొదలైన రెండు మూడు సెకన్లలోనే 95, 100 తగిలి వేగం పడిపోతే కూలర్ అడుగు ప్రాసెసర్‌కు ఆనడం లేదు: ప్లాస్టిక్ పొర, తప్పు బ్రాకెట్, బిగియని స్క్రూ. నీళ్ల కూలరైతే పంపు తిరగడం లేదేమో ముందు చూడండి.

మొదట బాగానే ఉండి, ఇరవై నిమిషాలైనా ఆగకుండా మెల్లగా ఎక్కుతూనే ఉంటే గాలి సమస్య. ఫ్యాన్ తిరగబడి ఉండొచ్చు, వెనక ఫ్యాన్ ఊదే దిక్కుకు కూలర్ ఫ్యాన్ ఎదురు ఊదుతుండొచ్చు, క్యాబినెట్ ఊపిరాడక ఉండొచ్చు.

ఇంటెల్‌లో ఒక్కో కోర్ వేడి విడిగా కనబడుతుంది. వాటి మధ్య ఆరేడు డిగ్రీల తేడా మామూలు. ఒక పక్క కోర్లు మాత్రం పదిహేను ఎక్కువగా ఉంటే స్క్రూలు సమంగా లేవు. ఎల్‌జీఏ1700లో సాకెట్ బిగింపు వల్ల ప్రాసెసర్ మూత మధ్యలో కాస్త వంగడం కూడా ఉంది, దానికి కాంటాక్ట్ ఫ్రేములు (మూత వంగకుండా పట్టే చట్రాలు) దొరుకుతాయి. వాటి స్క్రూలు ఎక్కువ బిగిస్తే ర్యామ్ గుర్తించడం మానేస్తుంది కాబట్టి, మిగతావన్నీ చూశాకే ఆ దారి పట్టండి.

రైజెన్‌లు పని లేనప్పుడు కూడా 42 నుంచి 55కు ఎగిరి దిగుతుంటాయి. చిన్న చిప్పులో ఒక్కో కోర్ క్షణంలో మేల్కోవడమే కారణం. దానికి తోడు ఫ్యాన్ రొద పెరిగి తగ్గుతుంటే బయోస్‌లో ఫ్యాన్ స్పందన ఆలస్యాన్ని మూడు నాలుగు సెకన్లకు పెంచండి.

ఇవేవీ కాకపోయినా లెక్క కుదరడం లేదనిపిస్తే కూలర్ ఊడదీసి పేస్ట్ మీద పడ్డ అచ్చు చూడండి. మధ్యలో లోహం కనబడేంత పల్చగా, అంచుల్లో సన్నటి బూడిద రంగు పొర ఉంటే ఒత్తిడి బాగుంది. ఒక మూల పేస్ట్ వేసినప్పటిలాగే మందంగా ఉంటే ఆ వైపు స్క్రూ ఆనలేదు. తీసిన పేస్ట్ మీదే మళ్లీ బిగించకండి, గాలి బుడగలు చిక్కుకుంటాయి. తుడిచి కొత్తది వేయాలి. బాగా బిగించిన కూలర్‌ను ఊడదీసి మళ్లీ బిగించినా రెండు డిగ్రీల తేడా రావడం సహజం. అందుకే రెండు కూలర్ల మధ్య తేడా రెండు డిగ్రీలలోపే ఉంటే ఏది చవకైతే అది ఉంచుకోండి.

దుమ్ము, ప్రయాణం

మీరు రాసుకున్న ఒక్కో వాటుకు డిగ్రీల అంకెను క్యాబినెట్ లోపలి వైపు కాగితం అంటించి ఉంచండి. మూడు నెలలకోసారి అదే పరీక్ష చేసి చూస్తే దుమ్ము ఎంత పట్టిందో తెరవకుండానే తెలుస్తుంది. 0.42 కాస్తా 0.48 అయితే శుభ్రం చేసే వేళైంది. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, జిన్నింగు మిల్లులున్న ఊళ్లలో పత్తి సీజన్లో సన్నటి నూగు రేకుల మధ్య చిక్కి మందపాటి పొరలా పేరుకుంటుంది. అది ఫ్యాన్ వెనక, రేకుల ముందంచున చేరుతుంది కాబట్టి ఫ్యాన్ ఊడదీస్తే గాని కనబడదు. గోదావరిఖని, భూపాలపల్లి వైపు బొగ్గు దుమ్ము మరీ సన్నన, జాలీల్లోంచి దూరిపోతుంది. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే హద్దు మించి తిరిగి బేరింగు పాడవుతుంది. రేకులను పళ్ల బ్రష్షుతో వాటి అంచుల వెంటే దులపండి, వాటికి అడ్డంగా రుద్దితే వంగిపోతాయి.

హన్మకొండలో కట్టించిన కంప్యూటర్‌ను ఊరికి తీసుకుపోతున్నప్పుడు క్యాబినెట్‌ను నిలబెట్టి ఆటోలో పెట్టకండి. జంట టవర్ కూలర్లు కొన్ని ఫ్యాన్లతో కలిపి కిలో పైనే తూగుతాయి, గుంతల రోడ్డు మీద ఆ బరువంతా బోర్డు మీద వేలాడుతుంది. బోర్డు కిందికి, కూలర్ నిటారుగా పైకి వచ్చేలా క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టి, కింద ఒక దుప్పటి మడతపెట్టి తీసుకెళ్లండి. గ్రాఫిక్స్ కార్డు పెద్దదైతే విడిగా డబ్బాలో పెట్టుకోండి. ఇంటికి చేరాక సినీబెంచ్ పది నిమిషాలు నడిపి కాగితం మీది అంకెతో పోల్చండి. నాలుగైదు డిగ్రీలు ఎక్కువగా ఉంటే స్క్రూలు ఒక్కోటి పావు చుట్టు తిప్పి చూడండి, తగ్గకపోతే పేస్ట్ మార్చి మళ్లీ బిగించండి.